మా అత్త చేసిన తెల్ల పేజీ

ఆ పదవి నాకు కావాలని ఎవరితోనూ చెప్పలేదు. చెప్పుకునేంత పదవీ కాదు. జీతం లేదు, కుర్చీ లేదు, గది ముందు తగిలించే చెక్కముక్క కూడా లేదు. వెబ్‌సైట్లు తయారుచేసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల ఎలా రాశారో విప్పి చూడవచ్చు, చేతనైతే బాగుచేయవచ్చు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి చేస్తున్న పని అది. కొత్తగా వచ్చినవాళ్ళకు దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు చాలా భాషల్లో ఉన్నాయి. ఒక్కో భాష పేజీల అడుగున వాటి బాధ్యత చూసే మనిషి పేరు ఉంటుంది. తెలుగుకు పేజీలూ లేవు, పేరూ లేదు. ఆ ఖాళీ చూసిన రోజు నుంచి నాకు అక్కడ నా పేరే కనిపించేది.

నేను మదనపల్లెలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నాను. నేను చెప్పింది పిల్లలకు పరీక్ష హాలు గుమ్మం దాకా గుర్తుంటుంది, బయటికి వచ్చాక వాళ్ళకూ నాకూ సంబంధం లేదు. ఇదిగో, ఇది నేను చేశాను అని వేలు పెట్టి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. అందుకని ఆ పేజీలు రాయాలి, వాటి అడుగున నా పేరు ఉండాలి అనుకున్నాను. ఆశకేం, పడొచ్చు. బయటికి చెప్పడానికే నాకు నామోషీ.

ఆ సాఫ్ట్‌వేర్‌ను నడిపే కొద్దిమందిలో ఒకతను కుప్పంలోనే ఉంటాడని తెలిసినప్పుడు నేను నమ్మలేదు. నాకంటే చిన్నవాడు. ఏదో విదేశీ కంపెనీకి ఇంట్లో కూర్చునే పనిచేస్తూ, మిగిలిన పొద్దంతా దీని మీదే ఉంటాడు. ఫోనులో తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో సందేహపడి, కన్నడంలో సర్దిచెప్పుకునేవాడు. మాట మాత్రం మహా పొదుపు. నేను పెద్ద ఉత్తరమంత మెసేజీ పెడితే "సరే అక్కా" అని వచ్చేది.

తెలుగు పేజీలు నేను రాస్తానంటే, ఇంగ్లీషు పేజీలను ఉన్నవున్నట్టు తెలుగు చేసి ఇమ్మన్నాడు. చదివి చూశాను. నాకు ఒళ్ళు మండిపోయింది. మా పక్క పెద్దపంజాణి దారిలో ఎవరినైనా ఫలానా ఊరు ఎక్కడని అడగండి, "ఈడే అప్పా, కనిపిస్తాండాది సూడు" అంటారు. మనకు రోడ్డు తప్ప ఏమీ కనిపించదు, ఎంత నడిచినా ఆ ఊరు రాదు. ఆ ఇంగ్లీషు పేజీలూ అంతే. ఊరికే ఇది తెరవండి, ఊరికే అది మార్చండి, అంతే, అయిపోయింది అంటాయి. ఏది తెరవాలి, అది ఎక్కడుంది, తెరిస్తే ఏం కనిపిస్తుంది? తెలిసినవాడికి తెలిసింది చెప్పడానికి ఇన్ని పేజీలు ఎందుకు దండగ? అదే మాట కాస్త గట్టిగానే కుప్పం అతనితో అన్నాను.

"అయితే నీ ఇష్టం వచ్చినట్టు రాయక్కా" అన్నాడు.

రాశాను. కంప్యూటర్ మూత ఎత్తడం దగ్గర నుంచి రాశాను. నల్ల తెర ఒకటి వస్తుంది, భయపడకండి, అది చెడిపోయినట్టు కాదు అని కూడా రాశాను. ఆ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టగానే కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. ఇంగ్లీషులో అవి ముక్తసరిగా ఉండేవి. నమూనా పేజీలు? ఫొటోలు? అవును, కాదు. పోలీసు స్టేషనులో అడిగినట్టు. నేను వాటినీ తెలుగు చేశాను, మర్యాదగా చేశాను. "మీకు కొన్ని నమూనా పేజీలు పెట్టమంటారా అండీ?" "ఫొటోలకు కాస్త చోటు ఇమ్మంటారా అండీ?" "ఇంకేమైనా సాయం కావాలా అండీ?" కావాలంటే ఒకటి నొక్కాలి, వద్దంటే సున్నా నొక్కాలి. చదువుకుని నేనే మురిసిపోయాను. కంప్యూటరు ఇంత సంస్కారంగా మాట్లాడటం మన జిల్లాలో ఎవరైనా విన్నారా?

"యాలక్కా ఇన్ని అండీలు?" అని అడిగాడు కుప్పం అతను.

"మర్యాద నీకు తెలియకపోతే నేనేం చేయను?" అన్నాను.

కాలేజీలో తోటి లెక్చరర్లకు చూపిస్తే అందరూ బాగుందన్నారు. వాళ్ళందరికీ వెబ్‌సైట్ చేయడం ముందే తెలుసు, బాగుండక ఏం చేస్తుంది? కుప్పం అతను మాత్రం ఒక షరతు పెట్టాడు. వెబ్‌సైట్ అంటే ఎలా చేస్తారో ఎరగని మనిషి ఒకరు, ఈ తెలుగు పేజీలు మాత్రమే చదువుకుంటూ, అతని కళ్ళ ముందు వెబ్‌సైట్ తయారుచేయాలి. పక్కనున్నవాళ్ళు నోరు మెదపకూడదు, వేలు చూపకూడదు. అలా చేయగలిగితే తెలుగు పేజీలు ఆ సాఫ్ట్‌వేర్ కొత్త విడుదలలోకి వెళతాయి. కాకపోతే వెళ్ళవు. మళ్ళీ విడుదల ఎప్పుడో వాళ్ళకే తెలియదు.

నాకు వెంటనే పుంగనూరులో ఉండే మా మేనత్త గుర్తొచ్చింది. మా నాన్న చెల్లెలు. నిప్పట్లు, మురుకులు చేసి పెళ్ళిళ్ళకు పంపుతుంది, ఒకప్పుడు రవ్వలడ్లూ చేసేది. తెలుగు అక్షరం కనబడితే చాలు, పొట్లం కాగితమైనా సరే, పైకి చదివేస్తుంది. ఆమె వ్యాపారానికి ఒక వెబ్ పేజీ అంతకుముందే ఉండేది. బెంగళూరులో ఉండే అల్లుడు చేయించి పెట్టాడు. చేయించింది మంచిదే గానీ దాని తాళం అతని దగ్గరే ఉండిపోయింది. ఒక్క అక్షరం మార్చాలన్నా అల్లుణ్ణే అడగాలి. "చేస్తాలే అత్తమ్మా" అంటాడు. దీపావళి దగ్గర పడుతున్నా ఆ పేజీ మీద ఉగాది శుభాకాంక్షలు వేలాడుతూనే ఉండేవి. లడ్లు ఆపేసి ఎంత కాలమైనా జనం ఆ పేజీ చూసి లడ్లకే ఫోను చేసేవాళ్ళు. మా అత్తకు పని చేయడానికి బద్ధకం లేదు, అడగడానికే చావు.

నేను సంగతి చెప్పగానే ఆమె ముఖం విప్పారింది.

"అంటే పాపా, నేనే సొంతంగా సేసుకోవచ్చా? ఎవుర్నీ అడిగే పని ల్యా?"

"అసలు లేదత్తా. చదువుకుంటూ పో, అంతే" అన్నాను. అన్నాక, నేనూ ఆ ఇంగ్లీషు పేజీల్లాగే 'అంతే' అన్నానని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

అల్లుడు వాడి వదిలేసిన లాప్‌టాప్ ఒకటి ఆమె దగ్గర ఉంది. ఆ సాఫ్ట్‌వేరూ నా పేజీలూ అందులో పెట్టి, చేసి చూడమని చెప్పి మదనపల్లెకు వచ్చేశాను. మర్నాడు ఫోను చేసింది.

"అయిపాయ పాపా."

నా గుండె ఎగిరి గంతేసింది. "అయిపోయిందా! ఏం కనిపిస్తోందత్తా?"

"ఏమీ ల్యా."

"ఏమీ లేకపోవడమేంటి?"

"తెల్లగా ఉండాది. సున్నం కొట్టిన గోడ మాదిరి. బాగుండాది గానీ, నిప్పట్లు యాడ పెట్టాలో తెలీలా."

నేను తలపట్టుకున్నాను. పేజీలన్నీ మళ్ళీ చదివాను. నా కంప్యూటర్లో చేసి చూశాను, నిక్షేపంగా వచ్చింది. కుప్పం అతనికి ఫోను చేసి మీ సాఫ్ట్‌వేర్‌లోనే ఏదో తప్పుందన్నాను. అతను చేసి చూసి, "నాకు వస్తాండాదక్కా" అన్నాడు. ఈ మాట కనిపెట్టినవాణ్ణి పట్టుకుని తన్నాలి. అతని కంప్యూటర్లో వస్తే మా అత్తకేం ఒరిగింది? తప్పు మీ పేజీల్లో ఉంటుందని అతను, కాదు మీ దాంట్లోనని నేను, కాసేపు వాదులాడుకున్నాం. ఫోను పెట్టేశాక నాకు భయం పట్టుకుంది. తప్పు నా పేజీల్లోనే ఉంటే? అడుగున పేరు మాట దేవుడెరుగు, అసలు పేజీలే ఉండవు. ఉన్నదాన్నంతా ఇంకా విడమరిచి తిరగరాసి అత్తకు పంపాను. ఆమె మళ్ళీ చేసింది. మళ్ళీ తెల్ల పేజీ. ఈసారి ఇంకా తొందరగా వచ్చిందని సంతోషంగా చెప్పింది.

ఇక లాభం లేదని ఆదివారం పుంగనూరు బస్సెక్కాను. గుమ్మంలో చెప్పులు విడవకముందే అత్త అడిగింది.

"తింటావా పాపా? సంగటి ఉండాది, పప్పుండాది."

"వద్దత్తా, ఇప్పుడే తిని వచ్చాను" అన్నాను. పొద్దున తాగిన కాఫీ తప్ప నా కడుపులో ఏమీ లేదు.

"ఉండనీలే, రోంత తిను."

"అబ్బే, వద్దు."

ఆ వద్దు గాలిలో ఉండగానే నా ముందు పళ్ళెం పెట్టింది. సంగటి ముద్ద, పప్పు, పైన నెయ్యి. నేను కూర్చుని ముద్ద మీద ముద్ద తిన్నాను. చేయి కడుక్కుని, "ఇప్పుడు చెయ్యత్తా, నేను నోరెత్తను" అని ఆమె పక్కన కుర్చీ వేసుకున్నాను.

అత్త కళ్ళద్దాలు పెట్టుకుంది. లాప్‌టాప్‌కు దణ్ణం పెట్టుకుంది. నేను రాసినవన్నీ పైకి చదువుతూ ఒక్కొక్కటే చేసుకుంటూ పోయింది. ఒక్క చోట తడబడలేదు. నల్ల తెర రాగానే "భయపడకండి" అని నా వాక్యం చదివి, "నాకేం బయ్యం?" అని దానికే జవాబిచ్చింది. నాకు పట్టరాని సంతోషం వేసింది. అప్పుడు ప్రశ్నలు మొదలయ్యాయి.

"మీకు కొన్ని నమూనా పేజీలు పెట్టమంటారా అండీ?" అని చదివింది. ముఖం మీద నవ్వు వచ్చింది. తల కాస్త పక్కకు వంచి, మెల్లగా సున్నా నొక్కింది.

"ఫొటోలకు కాస్త చోటు ఇమ్మంటారా అండీ?" మళ్ళీ అదే నవ్వు. "అయ్యో, ఎందుకులే" అని గొణిగి సున్నా.

ప్రతిదానికీ అంతే. పైన పేరు రాసే పట్టీ వద్దు, ఫోను నంబరు పెట్టే చోటు వద్దు. చివరికి "ఇంకేమైనా సాయం కావాలా అండీ?" దగ్గరికి వచ్చింది. "పాపం, ఇంతసేపూ కష్టపడ్యా, ఇంగేం అడుగుతాం దాన్ని" అని సున్నా నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తెర వంక చూస్తూ కూర్చుంది. తెల్ల పేజీ వచ్చింది. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

నేను ఆగలేకపోయాను. "ఏం చూస్తున్నావత్తా?"

"ఇంగోసారి అడుగుతుందేమోనని."

"అన్నిటికీ వద్దని ఎందుకన్నావు?"

"అడిగిన యంటనే కావాలంటే ఏమనుకుంటుందే అది? మొగం వాసినోళ్ళ మాదిరి! మొదుట వద్దనాల. అది ఉండనీలే అంటాది గదా, అప్పుడు సరేలే అందామనుకొంటి. ఇది సూడు, ఒగసారి అడిగి గమ్మున తలుపేసుకునింది. ఇంత బాగా మాట్లాడతాది, ఇదేం మర్యాద?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. ఎందుకంటే తప్పు నాదే. ఆ ముక్తసరి ప్రశ్నలకైతే మా అత్త కూడా మొహమాటం లేకుండా ఒకటి నొక్కేదేమో. గుమ్మంలో నిలబడి నమస్కారం పెట్టి కావాలా అండీ అంటూ అడగడం దానికి నేర్పింది నేను. ఇంటికి పిలిచినట్టు అడిగితే చుట్టం చెప్పినట్టే చెప్పింది. కాసేపటి కిందట అదే ఇంట్లో, ఆకలితో నకనకలాడుతూ, తిని వచ్చానని అబద్ధం ఆడింది ఎవరు మరి?

అక్కడి నుంచే కుప్పం అతనికి ఫోను చేసి జరిగింది చెప్పాను. అతనికి మా అత్త లెక్క అందలేదు. అతను కుప్పంలో పుట్టి పెరిగినవాడే. కానీ ఆ సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో పడ్డాక ఎవరు ఏది అడిగినా రాతలోనే, ఒక్కసారే, జవాబూ ఒక్కసారే. ఆ అలవాటు అతని ఎముకల్లోకి పోయింది.

"ఒకటి నొక్కమని చెప్పక్కా" అన్నాడు.

"చెప్పకూడదని షరతు పెట్టింది నువ్వే కదా!"

అత్త నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "నాయనా, దీన్ని సేసింది నువ్వేనంట. ఇంగోసారి అడిగేది నేర్పీ నాయనా దానికి."

"అట్ల కుదరదమ్మా. లోకంలో అందర్నీ రెండుసార్లు అడిగితే ఇసుక్కుంటారు."

"ఇసుక్కునేటోళ్ళు మొదుటిసారే కావాలంటారు గదప్పా. వాళ్ళని రెండోసారి యాల అడగాల?"

విడుదల అయ్యాక ఆలోచిద్దామమ్మా అని ఫోను పెట్టేశాడు.

సరే, అండీలన్నీ తీసేసి చూశాను. నమూనా పేజీలు కావాలా, వద్దా, అంతే. అత్త చదివి ముఖం ముడుచుకుంది. "ఏందిమే ఇది, అప్పులోళ్ళ మాదిరి అడుగుతాండాది? దీని సొమ్ము నాకేం అక్కర్లా" అని విసురుగా సున్నా నొక్కింది. ముద్దుగా అడిగితే మొహమాటం, ముక్తసరిగా అడిగితే రోషం. ఎటు తిరిగినా సున్నా. తల ప్రాణం తోకకు వచ్చింది నాకు. అండీలను మళ్ళీ తెచ్చి పెట్టాను.

ఇక మిగిలింది నేను రాసే పేజీలే. మదనపల్లెకు వచ్చి, ఎన్నో రకాలుగా రాసి కొట్టేసి, ప్రశ్నలకు ముందు ఒక పేరా చేర్చాను. ఇప్పటికీ అక్కడ ఉంది. "ఇకపై మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడగడం జరుగుతుంది. మొహమాటపడకండి. అడిగేది చుట్టం కాదు, యంత్రం. ఒక్కసారే అడుగుతుంది. బతిమాలడం దానికి రాదు. మీరు వద్దంటే నిజంగానే వద్దనుకుని వెళ్ళిపోతుంది. కాబట్టి కావాలనుకున్నది మొదటిసారే కావాలని చెప్పండి." ఫోనులో అత్తకు చదివి వినిపిస్తే అంతా విని, "ఎవురూ ఏమీ అనుకోరు అని గూడా రాయి" అంది. రాశాను.

షరతు ప్రకారం కుప్పం బయలుదేరిన రోజు, టమోటా లారీలు మార్కెట్ యార్డు ముందు రోడ్డంతా ఆక్రమించి మా బస్సును కదలనివ్వలేదు. పుంగనూరు బస్టాండులో అత్త అప్పటికే నన్ను తిట్టుకుంటూ నిలబడి ఉంది. ఒక చంకలో పాత చీరలో చుట్టిన లాప్‌టాప్, ఒక చేతిలో నిప్పట్లు, మురుకుల సంచి. పలమనేరులో బస్సు మారేటప్పుడు లాప్‌టాప్ నాకిచ్చింది గానీ సంచి ఇవ్వలేదు. ఎన్ని నెలల చాకిరీ, అంతా ఈమె వేలి కింద ఉంది. సున్నా నొక్కిందా, నేను మళ్ళీ కాలేజీలో పరీక్ష హాళ్ళ పంతులమ్మను.

కుప్పంలో అతను మమ్మల్ని మేడ మీద గదికి తీసుకెళ్ళాడు. కూర్చోగానే అత్త సంచి విప్పింది.

"రెండు నిప్పట్లు తిను నాయనా."

"వద్దమ్మా."

"ఉండనీలే, ఒగటి."

"వద్దమ్మా. నేను వద్దంటే వద్దనే."

అత్త చేయి గాలిలో ఆగిపోయింది. ఆ వయసు వచ్చేదాకా ఆమెకు అలాంటి మాట ఎవరూ అనలేదు. సంచి మూతి బిగించి, నా వైపు వంగి, "ఈ అబ్బోడే దానికి నేర్పినట్టుండాడు" అని గుసగుసలాడింది.

పరీక్ష మొదలైంది. అతను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను కిటికీ పక్కన నిలబడి పళ్ళు బిగించుకున్నాను. అత్త చదువుతోంది, చేస్తోంది. నల్ల తెర వచ్చింది. తర్వాత నా పేరా వచ్చింది. దాన్ని కథ చదివినట్టు తీరిగ్గా చదివింది. "ఎవురూ ఏమీ అనుకోరు" అన్న చోట ఆగి, తల ఊపింది.

"మీకు కొన్ని నమూనా పేజీలు పెట్టమంటారా అండీ?"

ఆమె వేలు సున్నా మీదికి పోయింది. వేలు అక్కడే కాసేపు ఆడింది. అత్త ఒకసారి అతని వంకా, ఒకసారి నా వంకా చూసింది. సిగ్గుతో ఆమె చెంపలు ఎర్రబడ్డాయి, నేను ఒట్టేసి చెబుతాను. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుని, "కావాల!" అని పైకే అని, ఒకటి నొక్కింది.

ఇక ఆమెను పట్టలేకపోయాం. ఫొటోలకు చోటా, కావాల. పట్టీనా, కావాల. సాయమా, కావాల. ఇంకా ఏమైనా ఉంటే అదీ ఇయ్యి అంది దానితో. కాసేపట్లో ఆమె పేరుతో, నిప్పట్ల ఫొటోతో, లడ్లు లేవన్న ముక్కతో సహా పేజీ వచ్చింది. ఆమె అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. వెంటనే అల్లుడికి ఫోను చేసి, పాత పేజీ తీసేయమని తియ్యగా చెప్పింది. అతను ఏమన్నాడో, ఉంచుదామా అని ఉంటాడు. "వద్దు నాయనా" అంది. ఆమె జీవితంలో నిజంగానే వద్దనుకుని అన్న మొదటి వద్దు అదే అయ్యుంటుంది.

కుప్పం అతను నవ్వుతున్నాడు. నవ్వగలడని అప్పుడే తెలిసింది. "తెలుగు పేజీలు పోతాయక్కా ఈసారి" అన్నాడు. ఆ తర్వాత, తన కుర్చీలో కూర్చుని, తన లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంటూ, ఏ ముందుమాటా లేకుండా అడిగాడు.

"ఇంగ తెలుగు బాధ్యత నువ్వే సూసుకుంటావా అక్కా? కింద నీ పేరు పెడతా."

ఇన్నాళ్ళుగా ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. కలలో కూడా ఎన్నోసార్లు విన్నాను. ఆ మాట వినబడగానే నా ముఖం మీద ఒక నవ్వు వచ్చింది, తల కాస్త పక్కకు వంగింది, నా నోరు నన్ను అడగకుండానే జవాబు చెప్పేసింది.

"అయ్యో, నాకెందుకప్పా అవన్నీ? పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే చూడు."

"సరే అక్కా" అన్నాడు. లాప్‌టాప్ వైపు తిరిగి ఏదో టైప్ చేయసాగాడు.

నేను ఎదురుచూశాను. అతను తల ఎత్తలేదు. ఎవరెవరిని అడగాలో ఆలోచిస్తున్నట్టున్నాడు, పెదాలు కదుపుతున్నాడు. ఉండనీలే అక్కా అనవేం నాయనా, ఒక్కసారి అనరాదా? దేవుడా, ఇతను అననే అనడు. నేను నిస్సహాయంగా అత్త వంక చూశాను. ఆమెకైనా అర్థమవుతుంది, మళ్ళీ అడగమని అతనికి చెబుతుంది అనుకున్నాను.

అత్తకు అర్థమైంది. అయినా అతనికి ఏమీ చెప్పలేదు. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. తన లాప్‌టాప్‌లో నా పేజీలు పైకి జరిపి, వెతికి, గొంతు సవరించుకుని, గదంతా వినబడేలా చదవడం మొదలుపెట్టింది.

"మొహమాటపడకండి. ఒక్కసారే అడుగుతుంది. బతిమాలడం దానికి రాదు. మీరు వద్దంటే నిజంగానే వద్దనుకుని..."

"నాకు కావాలి!" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో గానీ అతను ఉలిక్కిపడి కుర్చీలో వెనక్కి జరిగాడు.

"ఏందక్కా?"

"ఆ బాధ్యత. నాకే కావాలి. నేను రాశాను, నేనే చూసుకుంటాను, నా పేరే పెట్టాలి." నా ముఖం కాలిపోతోంది, చెవులు వేడెక్కాయి. ఇంత వయసొచ్చి ఒకరి ఎదుట నిలబడి ఇది నాకు కావాలని అడగడం నాకు అదే మొదలు.

"ముందే చెప్పొచ్చు గదక్కా" అన్నాడు. టైప్ చేసింది చెరిపేసి, నా పేరు ఎలా రాయాలో అడిగాడు. ఒక్కో అక్షరమే చెప్పాను.

ఎవరూ ఏమీ అనుకోలేదు. అతను నా పేరు పెట్టడం ముగించి, అత్త సంచి వంక చూస్తూ, "అమ్మా, ఇప్పుడు ఆకలేస్తాండాది, నిప్పట్లు ఇస్తారా?" అన్నాడు. అత్త ఎంత పొంగిపోయిందంటే సంచి మొత్తం అతని బల్ల మీద కుమ్మరించేసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వి.కోట దాటాక నాకు ఆకలి మొదలైంది. పొద్దుటి నుంచీ భయంతో ఏమీ తినలేదు. అత్త నా ముఖం చూసి అడిగింది.

"మురుకులు తింటావా పాపా?"

"తింటానత్తా" అన్నాను వెంటనే.

అత్త నన్ను వింతగా చూసింది. ఒళ్ళో ఉన్న సంచి తిరగేసి దులిపింది. అందులో ఏమీ లేదు. నేను వద్దంటానని అడిగిందట.